నిన్న పడుకున్నవాడు

సిరా చుక్క చెమటకు చెరిగిపోతుందన్న ఇంగితం లేక, తొమ్మిదో ఏట నేను చచ్చిపోయాననుకున్నాను. ఇప్పటికీ సాయంత్రం ఎండ ఎర్రబడితే అరచెయ్యి చూసుకుంటాను.

మా బందరులో సూర్యుడు సముద్రంలోంచి లేచి, గుడివాడ వైపు పొలాల్లో పడుకుంటాడు. ఒక వేసవిలో డాబా మీద అది చూపిస్తూ, కాలేజీలో తత్త్వశాస్త్రం చదివే మావయ్య అడిగాడు: "రాత్రి పడుకున్నవాడే పొద్దున లేస్తున్నాడని రుజువేంట్రా?"

రుజువు కోసం అరచేతిలో సిరా చుక్క పెట్టుకుని పడుకున్నాను. తెల్లారేసరికి చుక్క లేదు. అంటే పడుకున్నవాడు పోయాడు. వాడి చొక్కా నేను తొడుక్కున్నాను. వాడి చద్దన్నం నేను తిన్నాను. వాడి అమ్మను అమ్మా అన్నాను. కొడుకు పోయిన సంగతి ఆవిడకు తెలియదు పాపం! మూడో రోజు ఇక ముద్ద దిగలేదు.

"అమ్మా, మీ అబ్బాయి మొన్న రాత్రే పోయాడు. నేను వేరేవాణ్ణి," అని ఏడ్చాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. "ఏ తల్లి కన్నబిడ్డవో, ముందు ముద్ద తిను నాయనా," అంది.

తత్త్వశాస్త్రానికి అంతకన్నా మంచి జవాబు నాకింతవరకూ దొరకలేదు. అయినా ఆ పిల్లవాడు ఏమైపోయాడోనన్న దిగులు మాత్రం పోలేదు.

మర్నాడు పొద్దుగూకే వేళ మావయ్య కునుకు తీసి లేచాడు. ఆయనకిమ్మని అమ్మ ఇచ్చిన కాఫీ నా చేతిలో ఉంది.

"ఇలా తేరా!"

"ఇది ఇందాక పడుకున్న మావయ్యది. తమరెవరండీ?" అని, ఆయన చూస్తుండగానే మొత్తం తాగేశాను.