పీరు ఇచ్చిన పేరు

మా తమ్ముని కొడుకు దస్తగిరి చెమటోడ్చి సాధించిన మొదటి గెలుపు ఉద్యోగం కాదు, మొహర్రానికి మా ఊర్లో పెద్ద పీరును, అంటే పట్టుగుడ్డలు కట్టిన పంజాను ఎత్తడం. కడప జిల్లా మాది. పీరు ఎత్తేవాడు పండగ దినాలన్నీ ఒక్కపొద్దుండాల, చెప్పులు తొడగకూడదు. రెండేండ్లు వీడు నిప్పుల గుండం దగ్గరికొచ్చి తూలిపోయి, పీరును వేరేవాళ్ల చేతికిచ్చినాడు. మూడో ఏడు వంగకుండా గుండం చుట్టూ తిప్పినాడు. ఆనక ఇంజనీరింగు, మాదాపూర్‌లో ఉద్యోగం, కొత్తగూడలో సొంత ఫ్లాటు. మా వంశంలో లిఫ్టెక్కి ఇంటికి పోయే మొదటివాడు వాడే.

మేము నామం పెట్టుకునేవాళ్లం. మా మరదలు, వీని తల్లి పద్మావతికి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోతే, పీర్లచావిడిలో మొక్కుకుంది. నిలిచిన బిడ్డకు పీరు పేరే పెట్టింది. ఇప్పటికీ రంజాన్ నెలలో కొత్త మేనేజరు ఎవరొచ్చినా, పేరు చూసి ముస్లిం అనుకోని, సాయంత్రం పెందలాడే ఇంటికి పొమ్మంటాడు. వీడు ఈ కథంతా మళ్లీ చెప్పుకోవాల.

ఇస్లాం రాజులతో ఎక్కడికి వచ్చిందో, వర్తకులతో ఎక్కడికి వచ్చిందో చదువుకున్నోళ్లు చెప్పాల. మా ఊరికి మాత్రం దస్తగిరి అనే ఫకీరు నడిచొచ్చినాడని మా తాత చెప్పేవాడు. గుట్ట కింద కూర్చోని, జరమొచ్చిన బిడ్డల నెత్తిన చెయ్యిపెట్టి దువా చదివేవాడంట. కొందరు ఆయన మతం తీసుకున్నారు. మావాళ్లు పేరు తీసుకున్నారు. ఈపొద్దుకూ పీరును ఎత్తేది మేము, ఫాతెహా చదివేది చావిడి చూసుకునే ముజావరు.

ఈ ఏడు వీనికి సంబంధం కుదిరింది. పిల్ల లావణ్య, వీని ఆఫీసులోనే పని. తండ్రి యజ్ఞనారాయణగారిది కాకినాడ, రిటైరైన ఉద్యోగి. తాంబూలాలు అయినాక, కార్డు అచ్చుకిచ్చేటప్పుడు ఆయన నసిగినాడు.

"అబ్బాయి బంగారమండీ. కార్డులో మాత్రం శివశంకర్ అని వేయిద్దామండి. మా బంధువులకి ఎంతమందికని చెప్పుకోను?"

దస్తగిరి తల అడ్డంగా ఊపినాడు.

"ఆ పేరు తీసేస్తే మా అమ్మ మొక్కు అబద్ధమైతుంది మామయ్యా. నేను మార్చుకోలేను."

లావణ్య లోపలినుంచి వచ్చింది. "ఆ శివశంకర్ ఎవరో నాకు తెలీదు నాన్నా," అనింది.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆ పండగేదో కళ్లతో చూసినాకే మాట చెప్తానన్నాడు. ఈ ఏడు పెద్ద పీరు మళ్లీ వీనిదే. మామను, పిల్లను కారులో ఎక్కించుకుని నిన్న పొద్దున కొత్తగూడ నుంచి మా ఊరికి బయలుదేరినాడు. కార్డు అచ్చుకు సిద్ధం, వరుని పేరు చోటు ఒక్కటే ఖాళీ. పీర్లు ఏటికి పోయి పండగ ముగిసినాక, ముగ్గురూ తిరిగొచ్చేది జూన్ ఇరవై తొమ్మిది, సోమవారం.