నా చెల్లెల్ని నేనే అన్‌ఫిట్ చేశాను

చాలా ఏళ్ల కిందట ఒక అబద్ధం చెప్పాను. దాని బరువు నా మీద పడలేదు. అదే నాకు మంట. చెప్పింది నేను, మోసింది మా చెల్లెలు సత్యవతి. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

బిలాస్‌పూర్‌లో రైల్వే గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఇంజన్ల షెడ్డులో పనికి వచ్చినవాడు. ఆయన పోయాక క్వార్టర్ నా పేరుకి మారింది. అమ్మా, చెల్లెలూ నా మెడికల్ కార్డులోకి వచ్చారు. ఈ కార్డు సంగతి గుర్తుంచుకోండి.

సత్య పరుగెత్తేది. నాలుగు వందల మీటర్లు. అది గ్రౌండు మలుపు తిరుగుతుంటే పక్కన క్రికెట్ ఆడే మగపిల్లలు బ్యాటు దించి చూసేవాళ్లు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కోసం నాగ్‌పూర్‌లో సెలెక్షన్‌కి రమ్మని పిలుపొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మకి పక్షవాతం వచ్చి మంచాన పడింది.

ప్రాక్టీసులో గుండె దడదడలాడుతోందని సత్య అంటే రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు విజయనగరం మనిషి. ఎకో తీయించి, రిపోర్టు వచ్చాక నన్నొక్కడినే లోపలికి పిలిచాడు. కార్డు నాది కదా. అప్పట్లో అంతే. నలత ఎవరికైనా కబురు ఉద్యోగస్తుడికే చెప్పేవారు. గుండె ఎవరిదో ఆ మనిషి బయట బెంచీ మీద కూర్చుంది.

"కంగారేం లేదయ్యా," అన్నాడు. "గుండెకి ఎడమ పక్క పై గదికీ కింద గదికీ మధ్య ఒక తలుపుంది. రెండు రెక్కలు. మూసుకునేటప్పుడు ఒక రెక్క కాస్త పైకి ఉబ్బుతోంది, గాలికి తెర ఉబ్బినట్టు. మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ అంటాం. చాలామందికి ఉంటాది, ఉన్నట్టే తెలీదు. రక్తం వెనక్కి కారడం లేదు. అప్పుడప్పుడు దడ వస్తాది. మధ్యమధ్యలో చూపించుకోమను."

"మరి పరుగు?"

"పరిగెత్తమను. నీ గూడ్సు కంటే ముందు నాగ్‌పూర్ చేరిపోతాది," అని నవ్వాడు.

నాకు ప్రతి మాటా అర్థమైంది. అర్థం కాలేదని తప్పించుకునే దారి కూడా ఆయన నాకు మిగల్చలేదు. అయినా ఆ గది గుమ్మం నుంచి బెంచీ దాకా నడిచే లోపల, అమ్మ మంచం, పక్కగుడ్డలు, ఎప్పుడు తిరిగొస్తానో తెలియని నా డ్యూటీ, ఇదంతా నా వల్ల కాదు అని ముందే అనేసిన నా భార్య ముఖం, అన్నీ కలిసి ఒక్క మాటై నా నోట్లోకి వచ్చాయి.

"ఏటన్నారన్నియ్యా? పరిగెత్తొచ్చా?"

"పరుగా? గుండెలో వాల్వు జారిందట. మెట్లెక్కినా చూసుకొని ఎక్కాలట."

సత్య తన కాన్వాసు బూట్లకేసి చూసుకుంది. తర్వాత నవ్వింది. "అచ్ఛా! అయితే నన్ను లైట్ డ్యూటీలో పడీసేరన్నమాట."

మా రైల్వేలో డ్రైవరుకి చూపు తప్పితే ఇంజను దింపి ఏ ఆఫీసులోనో కూర్చోబెడతారు. దాన్నే లైట్ డ్యూటీ అంటాం. దానికైనా డాక్టరు అన్‌ఫిట్ అని సంతకం పెట్టాలి. నా చెల్లెలికి సంతకం కూడా అక్కర్లేకపోయింది. అన్న నోటిమాట చాలింది.

ఏమిటా లైట్ డ్యూటీ? అమ్మని రెండు చేతులా ఎత్తి కూర్చోబెట్టడం. ఆ బట్టలు ఉతకడం. కుళాయి నుంచి నీళ్లు మోయడం. మెట్లెక్కకూడని మనిషి ఇంత బరువు ఎలా ఎత్తుతోందని కాలనీలో ఒక్కరూ అడగలేదు. అడక్కపోగా, జబ్బు చెల్లెల్ని కడుపులో పెట్టుకు చూస్తున్నాడని నన్ను మెచ్చుకున్నారు. నేను ఆ మెప్పు తీసుకున్నాను! వచ్చిన సంబంధాల వాళ్లకి గుండె జబ్బని నేనే చెప్పి పంపించాను.

రోజూ డైరీ రాస్తాను. ఏ బండి ఎక్కడ ఎందుకు ఆగిందో రాసుకున్న మనిషిని. ఆ రోజు మాత్రం 'ఆసుపత్రి' అని రాసి కలం మూశాను.

అమ్మ పోయింది. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? భయం అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అప్పటికి సత్య నా పిల్లల్ని పెంచుతోంది, నా డ్యూటీకి క్యారేజీ కడుతోంది. నాకు బాగుంది. అంతే.

ఈ మధ్య మళ్లీ దడ వస్తోందని సత్య అంటే మా అమ్మాయి తీసుకెళ్లి గుండె డాక్టరుకి చూపించింది. మళ్లీ ఎకో తీశారు. రెక్క అలాగే ఉబ్బుతోంది, లీకు లేదు, ఏడాదికోసారి వస్తే చాలు, రోజూ గట్టిగా నడవమ్మా అన్నారట. మెట్లు ఎక్కొద్దని ఎవరన్నారు అని నవ్వారట.

సత్య ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మా అమ్మాయితో అంది: "ఆ ముసిలి డాక్టరు నా బతుకు తినీసేడే. సచ్చి ఏ నరకంలో ఉన్నాడో!"

నేను పేపరు మడిచి, "అప్పట్లో వాళ్లకి అంత తెలీదులే," అన్నాను.

చూశారా? ఈ వయసులో, ఇంత తేలిగ్గా. ఆ మాట అన్న నోటిని చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపించింది. చెల్లెలి బతుకు చాలక, చనిపోయిన మంచి మనిషి పేరు కూడా తిన్నాను.

ఇవాళ పొద్దున్న బుధవారీ బజారుకి వెళుతూ నేనూ సత్యా స్టేషను వంతెన మెట్ల కింద ఆగాం. ఇన్నేళ్లూ అక్కడ దాని మోచెయ్యి పట్టుకుని, సగంలో ఆపి ఊపిరి తీసుకోమనేవాణ్ణి. ఇవాళ చెయ్యి పట్టుకోలేదు. చెప్పేశాను, డాక్టరు అన్నదీ, నేను అన్నదీ, ఎందుకన్నానో అదీ.

అది సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"అయితే మంచంలో నన్ను సూసి ఏడిసిందంతా నీ అబద్దానికేనా."

అంతే. మెట్లెక్కింది. సగంలో ఆగలేదు, పైన నా కోసం నిలబడలేదు. నేను కమ్మీ పట్టుకుని రొప్పుతూ ఎక్కేసరికి అవతలి వైపు దిగిపోతోంది. ఇంటికొచ్చి వంట చేసుకుంది. నాతో మాట్లాడలేదు. మాట్లాడుతుందో లేదో తెలియదు.

నా మనసు మాత్రం తేలికపడింది. అందుకూ నా మీద నాకు ఒళ్లు మండుతోంది.

ఆ డాక్టరు పరిగెత్తమన్నాడు. వద్దన్నది నేను.