వడగట్టిన బ్రేక్ ఆయిల్

పందొమ్మిది వందల అరవై దరిదాపుల్లో మా ఆయనకు సొంత కారు ఉండేది. ఇప్పుడు చెబితే నవ్వుతారు. విడవలూరు నుంచి నెల్లూరికి అద్దెకు తిప్పే పాత కారు, ఒక తలుపు తాడుతో కట్టి ఉండేది. అయినా దాన్ని తోలేటప్పుడు ఆయన మనిషే వేరు. ఆ మనిషిని చూసే మిగతా అంతా సర్దుకుపోయాను.

పర్మిట్ కోసం సోమవారం నెల్లూరులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు బండి చూపించాలి. అదే ఆఖరు రోజు. అది పోతే కారు ఇంటి ముందు కోళ్ళు ఎక్కడానికి తప్ప దేనికీ పనికిరాదు. చూస్తే చక్రాల దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతోంది. మెకానిక్ రెండుసార్లు రేపు మాపు అని తిప్పి పంపాడు. మా ఆయనకు రోషం వచ్చింది. మద్రాసు నుంచి రబ్బరు వాషర్లు, చిన్న డబ్బా ఆయిల్ తెప్పించి, శనివారం ఇసుకలో సరుగుడు దుంగల మీద బండిని నిలిపి, వాషర్లు తనే మార్చాడు.

మార్చాక పెడల్ మెత్తబడింది. తొక్కితే నానిన పిండిలో కాలు పెట్టినట్టు అడుగుదాకా పోయేది.

"గొట్టాల్లో గాలి చేరింది మే. తీసేస్తే గట్టిపడతాది" అన్నాడు.

పెళ్లయ్యాక మొదటిసారి ఆదివారం ఆరాధన మానుకున్నాం. చర్చి గంట వినబడుతుంటే నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. ఆయన చక్రం పక్కన ఇసుకలో పడుకున్నాడు.

"తొక్కు మే! అట్నే పట్టుకో. వదలబాక!"

నేను తొక్కిపట్టగానే ఆయన చక్రం వెనక చిన్న మర వదులు చేసేవాడు. సన్న గొట్టంలోంచి ఆయిల్ బుడగలతో గ్లాసులోకి దిగేది. మర బిగించి "వదులు" అనేవాడు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి డబ్బా ఖాళీ. పైన బ్రేక్ ఆయిల్ పోసే ట్యాంకులో ఆయిల్ తగ్గితే మళ్ళీ గాలి చొరబడుతుంది. ఇంకో డబ్బా రావాలంటే వారం.

"గ్లాసులో ఉండేదాన్ని పారబోస్తామా ఏంది? వడగట్టి పోద్దాం" అన్నాను. నేనే అన్నాను.

వాడిన నూనె వడగట్టుకోవడం మా అమ్మ నేర్పిన విద్య. పాత చీర ముక్కలో వడగట్టి, ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి ఎత్తి పోశాను. తెల్లగా నురగ తేలితే మురికి విడిచిందని మురిసిపోయాను. తెచ్చి ట్యాంకులో పోశాను.

మళ్ళీ తొక్కాను, మళ్ళీ వడగట్టాను. పొద్దు వాలేసరికి నా పిక్కలు పట్టేశాయి, పెడల్ అలాగే ఉంది. ఆయన తన చేతులకేసి చూసుకుని, "నా చేతుల్లోనే ఏదో లోపం ఉండాది మే" అన్నాడు.

"చేతగాని పని ఎందుకు పెట్టుకున్నావయా?" అన్నాను. నా నోరు అలాంటిది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సోమవారం నేను వద్దన్నా బయల్దేరాడు. కాలువ వంతెన దిగేచోట ముందు వరిగడ్డి బండి పోతోంది. పెడల్ నేలకు తగిలింది. చేతి బ్రేకు లాగితే, కారు గడ్డిలోకి మూతి దూర్చి ఆగిందట. గడ్డి మీద ఒకామె చంటిబిడ్డతో కూర్చుని ఉందట. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆయన నెల్లూరు పోలేదు. కారు అక్కడే వదిలి నడిచి వచ్చాడు.

"నేను బాగుచేసిన బండిలో మనుషుల్ని ఎక్కించను" అన్నాడు. వారంలోపే అమ్మేశాడు.

కాపురం కావలికి మార్చి, అక్కడ బియ్యం మిల్లులో కాటా దగ్గర పనికి కుదిరాడు. రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్ళాను. ఆయన గోడ నీడన తింటున్నాడు. ఎదురుగా ఒక లారీ డ్రైవర్ తోటి డ్రైవర్‌ను కసురుతున్నాడు.

"తీసిన ఆయిలే మళ్ళా పోస్తావా? దాన్నిండా గాలే గదరా! జన్మంతా తొక్కినా బ్రేకు గట్టిపడదు."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన ఆ ముద్ద తిని, ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

"నీ చేతుల్లో లోపం లేదయా. చేసిందంతా నేనే" అన్నాను.

"ఇప్పుడు తెలిసి ఏం చేసేది మే? కారు యాడుంది?"

కోపంగా అనలేదు. మజ్జిగ పొయ్యమని గిన్నె ముందుకు జరిపాడు. పోశాను. తాగి, చేతులు కడుక్కుని, కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు.