మూడు హీట్ల గంధకం

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, మార్చి నెలలో, ఆదిలాబాద్ యూనిట్ నుంచి కరీంనగర్ దగ్గరి ఉక్కు ఫౌండ్రీ ల్యాబుకు చీఫ్ కెమిస్టుగా బదిలీ అయ్యాను. అక్కడ గనుల్లో బొగ్గు మోసే టబ్బులకు, అంటే పట్టాల మీద నడిచే తొట్లకు, చక్రాలు పోతపోసేవారు. ఉక్కులో గంధకం సున్నా పాయింట్ సున్నా మూడు శాతం దాటితే చక్రం పగుళ్లిస్తుంది. అందుకని ఫర్నేసులో కరిగించిన ప్రతి విడతకూ, మా భాషలో హీటుకూ, నా సంతకం కావాలి.

ప్రతి హీటు నుంచీ నమూనాగా పోసిన చిన్న దిమ్మను డ్రిల్లు చేసి తీసిన తురుమును ఒక గ్రాము తూచి, పింగాణీ మూసలో ఆక్సిజన్ మధ్య మండిస్తాం. గంధకం వాయువై వస్తే యంత్రం కొలుస్తుంది. ఆ తురుము కాగితప్పొట్లాల్లో వచ్చి, మడత ఊడి ఒలికిపోయేది. నాకు ఒళ్లు మండి, చేరిన వారానికే ప్రతి పొట్లానికీ రబ్బరు బ్యాండు వేసి తీరాలని ఆర్డరు వేశాను.

మే నెలలో వరసగా మూడు హీట్లలో గంధకం ఎక్కువొచ్చింది. గంధకం ఎంతుందో ముందే తెలిసిన ప్రామాణిక ఉక్కును పెట్టి చూస్తే యంత్రం సరిగ్గానే చూపించింది. మూడింటినీ తిరస్కరించాను. ఫర్నేసు మేస్త్రీ ఖాజామియా, హుజూరాబాద్ మనిషి, రెండుసార్లు వచ్చాడు. "నేను ఖరాబ్ తుక్కు ఎయ్యలే సార్, జర మల్లొకపారి చూడుండ్రి" అన్నాడు. యంత్రం కంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాను. మేనేజరు అతణ్ణి పనిలోంచి తీసేశాడు.

కొత్త మేస్త్రీ మొదటి హీటులోనూ గంధకం అంతే వచ్చింది. మా ల్యాబు సహాయకురాలు సలోమి పొట్లం విప్పి నా ముందు పెట్టింది. "సార్, గీ తురుముకు రబ్బరు అంటుకున్నది" అంది.

రేకుల షెడ్డులో ఎండకు బ్యాండు మెత్తబడి, మడతలోంచి తురుముకు పట్టుకుంది. రబ్బరును గట్టిపరచడానికి కలిపేది గంధకాన్నే. మండించే ముందు తురుమును అసిటోన్‌తో కడుగుతాం, దాంతో డ్రిల్లు నూనె పోతుంది గానీ అంటిన రబ్బరు పోదు. ప్రామాణిక ఉక్కు గాజు సీసాలో ఉండేది, దానికి బ్యాండు లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ దొంగను ఇంట్లో పెట్టింది నేనే.

దాచి ఉంచిన దిమ్మల నుంచి తురుము మళ్లీ తీయించి, సీసాల్లో తెప్పించాను. మూడు హీట్లూ మంచివే. తప్పు నాదని మేనేజరుకు రాసిచ్చి, హుజూరాబాద్ వెళ్లాను. ఖాజామియా నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. "మిషన్‌ను మల్ల మల్ల అడిగిండ్రు సార్, నన్ను ఒక్కపారన్న అడగలే" అన్నాడు. పనిలోకి తిరిగి వచ్చాడు గానీ, ల్యాబు గడప మళ్లీ తొక్కలేదు.

ఫలితం చెడ్డగా వస్తే ముందు అనుమానించాల్సింది మనం కొత్తగా మార్చినదాన్ని. ఇది డిగ్రీ విద్యార్థికైనా తెలుసు. నాకు ముప్ఫై ఏళ్ల సర్వీసు తర్వాత, ఇంకొకరి ఉద్యోగం పోయాక తెలిసింది.