కాంటా దగ్గర చెరుకు ఎండుతోంది

జహీరాబాద్‌లో చెరుకు తూచే కాంటా దగ్గర నాది కంప్యూటర్ పని. ఆ రోజు రైతుల వివరాలన్నీ ఒకేసారి అప్‌డేట్ అయితేనే బండ్లు తూకానికి ఎక్కుతాయి. సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ మధ్యలోనే మూసుకుపోతోంది. బయట కోసిన చెరుకు ఎండకు బరువు తగ్గుతోంది. ఫోన్ చేస్తే, సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు రీస్టార్ట్ చేయమంటాడు. వాణ్ణి తెచ్చి ఆ ఎండలో నిలబెట్టాలనిపించింది.

కిటికీ దగ్గర రాయికోడ్ ఊరి నుంచి వచ్చిన రైతుది పొద్దుటి నుంచి ఒకటే మాట. "సారూ, చెరుకు ఎండిపోతున్నది. జర జల్ది జెయ్యున్రి."

రైతుల పేర్ల జాబితాను రెండు సగాలు చేసి, విడివిడిగా అప్‌డేట్ నడిపాను. ఆగిపోయిన సగంలో సగం, మళ్లీ అందులో సగం. చివరికి ఒక్క పేరు దగ్గరే ఆగిపోతోందని తేలింది. ఎంత సరిచేసినా లొంగలేదు. చేతకాక ఆ ఒక్కటీ తీసి పక్కన పెట్టాను. మిగతావన్నీ ఎక్కాయి. బండ్లు కదిలాయి.

రాయికోడ్ రైతు కిటికీ వదల్లేదు.

"అందరియి పోతున్నయి గద సారూ. మరి నాది?"