కైకలూరు బస్సులో తెడ్డు

ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. పక్క సీట్లో ఒకావిడ నిలువెత్తు తెడ్డు పట్టుకుని కూర్చుంది. కొల్లేటి పండగలో పడవ పందేలకట.

“మీవారు పోటీకి దిగుతున్నారాండీ?” అన్నాను. ఆ ప్రశ్నకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

“ఆయనకి తెడ్డెయ్యడం ఎక్కడొచ్చండీ? ఆయన వల విసురుతారు, దోనె నడిపేది నేను. పెళ్ళైన దగ్గర్నించీ అంతే. నా పేరు రాయమంటే కమిటీవాళ్ళు, ఆడాళ్ళకి పందెం లేదు, చేపల పులుసు వండిపెట్టమన్నారు.”

“మరేం చేశారు?”

“ఆయన పేరు రాయించానండీ. పులుసు దగ్గర ఆయన కూర్చుంటారు, దోనెలో నేను కూర్చుంటాను. దింపమనండి చూద్దాం, నీళ్ళలోకొచ్చి!”

తన స్టాపు రాగానే తెడ్డు భుజాన వేసుకుని దిగింది. నా టికెట్ కైకలూరు దాకా ఉంది. అయినా ఆవిడ వెనకాలే దిగిపోయాను.