హెచ్చరిక కన్నా ముందు వెళ్ళిన చెయ్యి

లామినేషన్ మిషన్ వేడెక్కి ప్లాస్టిక్ వాసన రాగానే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. కొత్తపేటలో మేరీగారి డీటీపీ షాపు వాసన ఇది. పదో తరగతితో ఆగిపోయిన నాకు కంప్యూటర్ నేర్పింది ఆవిడే. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు ఎలా వాడాలో తెలుగులో కాగితాలు తయారుచేసేవాళ్ళం. మోటారు షెడ్డు గోడకు తగిలించుకునేవి.

మొదటిసారి నేను జాగ్రత్త అన్న ప్రతి మాట చుట్టూ పసుపు బాక్సు కట్టాను. మేరీగారు కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"శుభలేఖ వేసేవేంటే? అన్నీ మెరిసిపోతా ఉంటే, ప్రాణం తీసేది ఏదో ఎలా తెలుస్తుందమ్మా?"

ఒక్కటే ఉంచమన్నారు. మెయిన్ స్విచ్ ఆపమనే మాట ఉంచాను. పేజీ అడుగున ఖాళీ ఉంటే అక్కడ పెట్టాను, చూడ్డానికి బాగుంది. ఆవిడ దాన్ని అలాగే లామినేషన్ చేసేశారు. మా నాన్న కాపలా ఉండే చెరువుకు పదమన్నారు.

"అమ్మాయి చదువుద్దండి. మీరు విన్నది విన్నట్టు చెయ్యండి. సొంత తెలివి వాడకండేం" అన్నారు నాన్నతో.

"ఆయ్, అదెక్కడుందండీ వాడ్డానికి" అన్నాడు నాన్న.

షెడ్డులో నిలబడి, స్టార్టర్ పెట్టె మూత తియ్యండి, అని చదివాను. తడి చేతులు లుంగీకి తుడుచుకుని తీశాడు. ఎడమవైపు తీగ వదులైందేమో చూడండి. చెయ్యి లోపల పెట్టాడు. తర్వాత ఉన్నది నా పసుపు బాక్సు. ముందుగా మెయిన్ ఆపండి. చదవడం ఆపేశాను.

"చదవమ్మా, ఆగేవేం?" వేళ్ళు ఇంకా లోపలే ఉన్నాయి.

"నాన్నా, చెయ్యి తీసెయ్యి."

మేరీగారు గుప్పిట తెరిచారు. అందులో ఫ్యూజులు. నేను గట్టు మీద నాన్నతో కబుర్లు చెబుతుండగానే షెడ్డులోకి వెళ్ళి పీకేశారట. కూలబడి ఏడ్చేశాను. ఎందుకో నాన్నకు అర్థం కాలేదు. ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఫ్యూజులు పీకే మేరీ ప్రతి చెరువు దగ్గరా ఉండదు కదమ్మా."

ఆవిడ ఇప్పుడు లేరు. షాపు నేనే చూసుకుంటున్నాను. పేజీకి ఒక్కటే రంగు బాక్సు, అదీ చెయ్యి పెట్టే పనికి ముందే. అయినా ధైర్యం చాలదు. ప్రతి కాగితాన్నీ పంపేముందు ఎవరో ఒకరిచేత గట్టిగా చదివిస్తాను. వాళ్ళు బాక్సు దాకా వచ్చేవరకు ఊపిరి బిగబట్టి వింటాను.